గేటు కింద సైకిలు వంచని మనిషి

మా వీధి క్వయర్ మాస్టర్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున షామీర్‌పేటలో కలెక్టరాఫీసు మెట్ల మీద ప్రెస్‌మీట్ కోసం ఎదురుచూస్తుంటే ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "అంకుల్, డాడీ పోయిండు" అన్నాడు. నేను అలవాటుకొద్దీ "ఎప్పుడు?" అని అడిగాను. "ఇప్పుడే. రెండు రోజుల సంది ఊపిరి అందుతలేకుండె. దవాఖానల పెట్టినం. నిమోనియా అన్నరు." ఎన్నో ఏళ్లుగా చావు వార్తలు రాస్తున్నవాడికి ప్రశ్నల వరుస నోటికి వచ్చి ఉంటుంది. ఆ రోజు మొదటి ప్రశ్న తర్వాతది గుర్తు రాలేదు.

ఆయన మరణం జిల్లా పేజీలో వార్త కాదు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మేడ్చల్‌లో మా ఇంటికి కొన్ని ఇళ్ల అవతల ఉండేవారు. వారమంతా ఒక మందుల కంపెనీలో స్టోర్ కీపర్. ఆదివారం చర్చిలో పాటల బృందానికి ఎదురుగా నిలబడి చేతులతో తాళం చూపించే మాస్టర్. చర్చికి వెళ్లేవాళ్లు, గుడికి వెళ్లేవాళ్లు అన్న తేడా లేకుండా వీధిలో అందరికీ ఆయన మాస్టరే. ఒకే వీధిలో ఉన్నా మేం మొదటిసారి ముఖాముఖి మాట్లాడుకున్నది మాత్రం గౌడవెల్లి వైపు రైలు గేటు దగ్గర.

అప్పుడు నాకు షుగర్ అని తేలింది. డాక్టర్ చెమట పట్టాలన్నాడు. గేర్ల సైకిలు కొన్నాను. కొన్న వారంలోనే ఒక పొద్దున గేటు పడింది. గేటు పడితే మన దగ్గర సైకిలువాళ్లు ఆగరు. సైకిలును పక్కకు వంచి, తాము కూడా వంగి, అడ్డకర్ర కింద నుంచి అవతలికి వెళ్లిపోతారు. నేనూ వంచబోయాను. వెనక నుంచి మాట వినిపించింది.

"వంచకు తమ్మీ."

తిరిగి చూస్తే మాస్టర్. నల్లటి పాత సైకిలు మీద ఒక కాలు నేలకు ఆనించి, నిటారుగా కూర్చుని ఉన్నారు.

"ఎందుకు సార్?"

"గంత మంచి సైకిల్‌ని మేకపిల్ల లెక్క దూరిపిస్తున్నవ్. దాని ఇజ్జత్ పోతది."

"లేటవుతుంది సార్, ఆఫీసు..."

"పొద్దుగాల గీ టైముకు ఏం ఆఫీసు తమ్మీ? దొంగలు సుత ఇంటికి పోయి పండుకునే టైము." తర్వాత నా సైకిలు చుట్టూ చూపు తిప్పి అడిగారు. "ఎన్ని గేర్లు?"

"ఇరవై ఒకటి."

"ఎన్ని వాడుతవ్?"

ఆలోచించి నిజమే చెప్పాను. "రెండు."

"మరి మిగిలిన పందొమ్మిది ఎవల కోసం ఉంచినవ్?"

రైలు వెళ్లింది. గేటు లేచింది. ఇద్దరం కలిసి పట్టాలు దాటాం. స్నేహం అనే మాట మేం ఎప్పుడూ వాడుకోలేదు. మర్నాడు పొద్దున మా ఇంటి ముందు ఆయన సైకిలు బెల్లు మోగింది, అంతే.

ఆ సైకిలు ఆయన మొదటి జీతంతో కొన్నది. రాడ్ బ్రేకులు, స్ప్రింగుల సీటు, ముందు గుండ్రటి లైటు. వెనక చక్రానికి ఆనుకుని ఒక డైనమో. దాన్ని టైరుకు తగిలిస్తే, చక్రం తిరిగినంతసేపు లైటు వెలుగుతుంది. ప్రతి శనివారం సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో తుడిచేవారు. ఎక్కడ ఆగినా సైకిలును గోడకు గానీ చెట్టుకు గానీ ఆనించేవారు కాదు. వెనక చక్రం పైకి లేచేలా స్టాండు వేయాల్సిందే. "ఒరిగిస్తే దానికి ఒరుగుడు అలవాటైతది" అనేవారు.

మామూలు రోజుల్లో గౌడవెల్లి వైపు, సెలవు దొరికితే షామీర్‌పేట చెరువు దాకా. కట్ట దగ్గర చాయ్ తాగి వెనక్కి. మాటలన్నీ సైకిళ్ల గురించే. ఏ నూనె చైనుకు మంచిది, హైవే సర్వీస్ రోడ్డు ఎక్కడ తవ్వారు, కొంపల్లి దగ్గర లారీలు ఎటు నుంచి తిరుగుతున్నాయి. నేను ఏం పని చేస్తానో తెలిసి కూడా ఈసారి ఎవరు గెలుస్తారని అడగని మనిషి నాకు ఈ జిల్లాలో ఆయనొక్కరే. ఎత్తు వచ్చినప్పుడు ఏదో పాటలో కింది స్వరాన్ని గొంతులోనే పాడుకుంటూ తొక్కేవారు. నేను వెనకపడితే వేగం తగ్గించేవారు. తగ్గించానని మాత్రం ఒప్పుకునేవారు కాదు. "గాలి ఎదురున్నది తమ్మీ" అనేవారు.

ఆయనకు జబ్బు ఉందని ముందుగా పట్టించింది పాట.

ఒక ఆదివారం చర్చిలో పాట సాగిందట. సాగుతూనే ఉందట. బృందం ఆయన చేతిని చూసి పాడుతుంది. చెయ్యి ఎంత మెల్లగా కదిలితే పాట అంత మెల్లగా నడుస్తుంది. జనం ఊపిరి చాలక మధ్యలో ఆగి, మళ్లీ అందుకున్నారు. పాస్టర్ గారు ఇది కొత్త బాణీ అనుకుని మెచ్చుకున్నారు కూడా. తర్వాతి వారం ఇంకా మెల్లగా. ఆపై వారం చేతి కదలిక ఎంత చిన్నదైపోయిందంటే వెనక వరుసవాళ్లు మెడలు చాచి వెతుక్కోవాల్సి వచ్చింది. కనిపెట్టింది ఆయన భార్య. ఆమె కూడా బృందంలోనే పాడేది. నేను అక్కా అని పిలుస్తాను. "తమ్మీ, నలభై ఏండ్ల సంది ఆ చెయ్యి చూసుకుంటనే పాడుతున్న. గది ఆయన చెయ్యి కాదు" అంది.

సికింద్రాబాద్‌లో చూపిస్తే పార్కిన్‌సన్స్ అన్నారు.

వణుకు ఆయనకు తక్కువ. కాళ్లు ఆగిపోవడమే పెద్ద బాధ. హాల్లో మెల్లగా నడిచి వస్తారు. గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు నిలిచిపోతాయి. ఒకసారి నేను వెళ్లేసరికి బయటి గడప లోపలివైపున నిలబడి ఉన్నారు. రెండు చేతులూ ద్వారబంధం మీద. నన్ను చూసి నవ్వారు.

"ఎంతసేపైంది సార్?"

"పాలాయన వచ్చి పోయిండు. పేపరాయన వచ్చి పోయిండు. నువ్వు మూడోటోనివి. మనసు ఎప్పుడో గడప దాటింది తమ్మీ, కాళ్లే ఈడ ఉన్నయ్. ఎవలు తాళమేసిన్రో తెల్వది."

లోపలి నుంచి అక్క వచ్చి ఎదురుగా నిలబడి చప్పట్లు కొట్టింది. పాటకు కొట్టినట్టే, ఒకే వేగంతో. నాలుగోసారి కొట్టేసరికి కుడి పాదం లేచింది. గడప దాటారు. "ఇన్నేండ్లు ఈయన చెయ్యి చూసి నేను పాడిన. ఇప్పుడు నా చెయ్యి చూసి ఈయన నడుస్తుండు. లెక్క బరాబరైంది" అని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. ప్రహరీ పక్కన స్టాండు మీదున్న సైకిలును చూస్తున్నారు.

"తమ్మీ, నన్ను దాని మీద ఎక్కియ్యి."

నేను ఒప్పుకోలేదు. తెలియని విషయాన్ని తెలుసుకుని రాయడం నా పని కాబట్టి, ముందు ఆయన్ని చూసే డాక్టర్‌ని అడిగాను. నడవలేని ఈ జబ్బు మనిషి సైకిలు తొక్కగలడా? డాక్టర్ ఆశ్చర్యపోలేదు. కొందరిలో అలా ఉంటుంది, ఎందుకో పూర్తిగా తెలియదు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే ప్రమాదం అన్నాడు. మర్నాడు వీధిలో ఎవరూ లేనప్పుడు మాస్టర్‌ని సీటు మీద కూర్చోబెట్టి, వెనక క్యారియర్ పట్టుకుని తోశాను. ఒక తొక్కుడు. రెండో తొక్కుడు. క్యారియర్ నా చేతిలోంచి జారిపోయింది. గడప దాటలేని మనిషి వీధి చివరిదాకా, ఎప్పుడూ వెళ్లినట్టే, నిటారుగా వెళ్లారు. అక్క గేటు పట్టుకుని చూస్తూ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

అప్పటి నుంచి మాకొక పద్ధతి ఏర్పడింది. కదిలించాల్సింది నేనే. ఆపాల్సిందీ నేనే. ఆయన సొంతంగా కాలు కింద పెట్టలేరు. పెడితే ఆ కాలు అక్కడే బిగిసిపోయి, సైకిలుతో సహా పడిపోతారు. అందుకని ఎక్కడ ఆగాలో బయల్దేరే ముందే ఖాయం చేసుకునేవాళ్లం. ఆ చోటు రాగానే నేను ముందుకు దూసుకెళ్లి, నా సైకిలును పక్కన పడేసి, ఎదురు నిలబడి ఆయన్ని పట్టుకునేవాణ్ణి. "పాటల గూడ గింతే తమ్మీ. యాడ ఆగాల్నో ముందుగాల్నే రాసి ఉంటది" అనేవారు. రైలు గేటు పడే వేళలకు చాలా ముందే దాటి వచ్చేసేవాళ్లం. కొడుక్కి చెప్పలేదు. అతను సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక ల్యాబ్‌లో పనిచేస్తాడు, పొద్దున్నే వెళ్లిపోతాడు. చెప్పవద్దన్నది మాస్టర్. అక్క సరేనంది.

కొన్ని నెలలు అలా నడిచింది. ఒక పొద్దున, గేటుకు ఇంకా కొంత దూరం ఉండగా, నా సైకిలు చైను ఊడింది. గేరు మార్చబోతే పళ్ల మధ్య ఇరుక్కుపోయింది. నేను అరిచాను. ఆయనకు వినిపించలేదు. చైను ఎక్కించి నేను గేటు చేరేసరికి వేళ కాని వేళ గూడ్సు బండి కోసం గేటు వేసి ఉంది. రెండు పక్కలా పాలవ్యాన్లు, ఆటోలు, ఒక ట్రాక్టరు.

వాటి మధ్య, మూసిన గేటు ముందు, మాస్టర్ గుండ్రంగా తిరుగుతున్నారు.

ఆగలేరు. గేటు దాటలేరు. వెనక్కి పోవడానికి బండ్లు అడ్డం. ఉన్న కాస్త జాగాలో చుట్టూ చుట్టూ తిరుగుతున్నారు. ఒక ఆటో డ్రైవర్ తల బయటపెట్టి కేకేశాడు. "ఓ పెద్దమనిషీ, సర్కస్ పెట్టినవా? టికెట్ ఎంత?" గేట్‌మన్ గదిలోంచి అరుస్తున్నాడు. ఎవరో ఫోన్‌లో తీస్తున్నారు. నేను సైకిలు పడేసి పరిగెత్తి చేతులు చాచాను.

"పట్టుకోకు తమ్మీ!" అన్నారు నా పక్క నుంచి తిరిగిపోతూ. ఇంకో చుట్టు వచ్చారు. "ఆగితే ఇగ కదల."

నేను ఆటో డ్రైవర్‌కి రెండు మాటల్లో చెప్పాను. అతను నోరు మూసుకుని తన ఆటోను వెనక్కి తీశాడు. తర్వాత దిగి వెళ్లి ట్రాక్టర్‌ను కూడా వెనక్కి జరిపించాడు. పాలవ్యాన్లూ జరిగాయి. వలయం పెద్దదైంది. గూడ్సు బండి పెట్టె తర్వాత పెట్టె పోతూనే ఉంది. ఆయన తిరుగుతూనే ఉన్నారు. ముఖమంతా చెమట. గొంతులో ఆ కింది స్వరం వినిపిస్తోంది. చివరి పెట్టె దాటింది. గేటు లేచింది. మాస్టర్ ఆ చుట్టును అక్కడికక్కడ విడిచి నేరుగా పట్టాలు దాటి వెళ్లారు. ఒక్క బండి కూడా ఆయన కంటే ముందు కదలలేదు. నేను సైకిలెక్కి వెంటపడి, అనుకున్న చోట ఆయన్ని పట్టుకున్నాను.

ఆ ఫోన్ వీడియో సాయంత్రానికి మేడ్చల్ అంతా తిరిగింది. అందులో వలయం ఉంది, సర్కస్ అన్న కేక ఉంది. తర్వాత జరిగింది లేదు.

కొడుకు రాత్రికి మా ఇంటికొచ్చాడు. కూర్చోలేదు.

"అంకుల్, మీరు దినాం యాక్సిడెంట్ వార్తలు రాస్తరు. మీకు నేను చెప్పాల్నా? డాడీ పడి తుంటి ఎముక ఇరిగితే మల్ల లేవడని డాక్టర్ చెప్పిండు. ఎవలు లేపుతరు? మమ్మీ లేపుతదా?"

"నేను పక్కనే..."

"ఆ వీడియోల మీరేరి?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మా చర్చి గ్రూపుల గూడ పెట్టిన్రు అంకుల్. నవ్వే బొమ్మలు పెట్టిన్రు కింద. మా డాడీకి."

అతను చెప్పింది నిజం. కదలకపోతే బతికినట్టు లేదని ఆయన చెప్పేదీ నిజం. రెండు నిజాలు ఎదురెదురుగా నిలబడితే ఏం చేయాలో నా వృత్తి నాకు నేర్పలేదు. మర్నాటికి సైకిలు ఇంటి లోపలి వరండాలోకి మారింది. ఫ్రేము చుట్టూ గొలుసు, గొలుసుకు తాళం, ఆ గొలుసు కిటికీ ఊచకు. నేను వెళ్లేసరికి మాస్టర్ కుర్చీలో కూర్చుని దాన్ని చూస్తున్నారు.

"గేటేసిన్రు తమ్మీ. ఈసారి వంచుదామన్నా కుదరది."

అక్కడి నుంచి ఆయన త్వరగా క్షీణించారు. గొలుసు వల్లనో, జబ్బే అంతనో నేను చెప్పలేను. గడప దగ్గర ఆగిపోయే కాళ్లు ఇప్పుడు మంచం దగ్గరే ఆగిపోయేవి. చప్పట్లకు కూడా లేచేవి కావు. అన్నం ముందు చెయ్యి నిలిచిపోయేది. ఒక రోజు అక్క కొడుకుతో అంది. నేనక్కడే ఉన్నాను. "గొలుసు తియ్యమంటలేను బిడ్డా. స్టాండ్ మీదనే తొక్కనియ్యి. ఎటు పోతడు?"

ఆ ఆదివారం కొడుకు స్టాండు కాళ్లను తాడుతో కిటికీ ఊచలకు బిగించాడు. కింద రబ్బరు చాప వేశాడు. ఒకవేళ ఒరిగితే ఆసరాకని రెండు వైపులా బరువైన స్టూళ్లు పెట్టాడు. తండ్రిని రెండు చేతులతో ఎత్తి సీటు మీద కూర్చోబెట్టి, పాదాలను పెడళ్ల మీద తనే సర్దాడు. "తొక్కు డాడీ" అన్నాడు. వెనక చక్రం గాల్లో తిరిగింది. డైనమో గుర్రుమంది. ముందు లైటు వెలిగి, ఎదురు గోడ మీద చర్చి క్యాలెండర్ కింద ఒక గుండ్రటి వెలుగు పడింది.

అలా ఏడాదికి పైగా, పొద్దునా సాయంత్రమూ. పొద్దున నేను వెళ్లి పక్కన కుర్చీలో కూర్చునేవాణ్ణి. "ఇరవై ఒక్క గేర్లు పెట్టుకోని కుర్చీల కూసున్నవ్, సిగ్గులేదు" అనేవారు. ఒకసారి ఆయన్ని ఉత్సాహపరుద్దామని, "చెరువు కట్ట దగ్గరికొచ్చాం సార్, చాయ్ తాగుదామా?" అన్నాను. తొక్కుతూనే తల అడ్డంగా ఊపారు.

"అబద్ధం జెప్పకు తమ్మీ. ఈడనే ఉన్నం. పేపరోనివి, ఉన్నది రాయి."

ఉన్నది రాస్తున్నాను. వెలుగు నెలనెలకూ తగ్గింది. మొదట్లో క్యాలెండర్ మీద తేదీలు కనిపించేవి. తర్వాత గోడ మీద పసుపు మరక లాగా ఉండేది. చివర్లో, ఉందా లేదా అని కళ్లు చికిలించి చూడాల్సి వచ్చేది. ఆయనే ముందుగా చెప్పేవారు. "వెలుగు దిగింది." ఫిర్యాదు లేదు ఆ గొంతులో.

చర్చి పక్కనే సమాధుల తోటలో ఆయన్ని ఉంచారు. బృందం పాడింది. చాలా మెల్లగా పాడింది. కొత్త మాస్టర్ చేతులు ఊపి వేగం పెంచబోయాడు గానీ ఎవరూ చూడలేదు. ఆయన చివరి ఆదివారాల వేగమే వాళ్ల గొంతుల్లో నిలిచిపోయింది. ఆ జనంలో ఒకతను చివరిదాకా వెనక నిలబడ్డాడు. ఎక్కడో చూసిన ముఖం. బయటికొస్తుంటే తనే చెప్పాడు. "గేటు కాడ ఆటో సార్. టికెట్ ఎంత అన్నది నేనే."

రెండు రోజుల తర్వాత సాయంత్రం ఇంట్లో ప్రార్థన జరిగింది. అందరూ వెళ్లాక నేనూ కొడుకూ వీధి గేటు దగ్గర నిలబడ్డాం. అతను చెప్పాడు. "డ్యూటీ అయినంక వచ్చి గీడనే నిలబడుతుంటి అంకుల్, గీ స్తంభం కాడ. కిటికీల నుంచి లైటు కనవడేది. నేను లోపలికి పోతే నన్ను చూసి డాడీ ఆగుతడు. ఆగితే మల్ల మొదలుపెట్టుడు కష్టం. అందుకని లైటు ఆరేదాక లోపలికి పోకపోతుంటి."

వీధిలో అందరూ అతను రోజూ స్తంభం దగ్గర నిలబడి ఎవరో పిల్లతో ఫోన్ మాట్లాడుతున్నాడని అనుకున్నారు. మా ఇంట్లో కూడా ఆ మాట నడిచింది.

లోపలి నుంచి అక్క పిలిచింది. "గొలుసు తియ్యి బిడ్డా. ఇగ ఎందుకది?"

అతను జేబులోంచి తాళంచెవి తీశాడు. వరండాలో దీపం వేయలేదు. వంగి తడుముకుంటూ తాళం తీసి, స్టాండు తాళ్లు విప్పాడు. "అంకుల్, జర పట్టుకోర్రి" అన్నాడు. నేను హ్యాండిల్ పట్టుకున్నాను. అతను వెనక నుంచి, నేను ఒకప్పుడు పట్టుకున్నట్టే, క్యారియర్ పట్టుకున్నాడు. ఇద్దరం సైకిలును స్టాండు మీద నుంచి దించాం. డైనమో టైరుకు ఆనుకునే ఉంది. ఆయన చివరిసారి దిగాక ఎవరూ దాన్ని విడదీయలేదు.

కొడుకు తోశాడు. చక్రం నేల మీద తిరిగింది. డైనమో చిన్నగా గుర్రుమంది. ఇన్నాళ్లూ క్యాలెండర్ కింద ఒకేచోట ఉన్న ఆ గుండ్రటి వెలుగు, నేను హ్యాండిల్ తిప్పగానే, పలచగా మినుకుమంటూ కదిలింది. గోడ పొడవునా జరిగి, తలుపు దాకా వచ్చి, గడప మీద పడి, అక్కడ ఆగకుండా దాటి వీధిలోకి వెళ్లింది.